ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వస్తోంది? ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాం ప్యాకేజీ డైరీ

స్కాన్ చేసిన కాగితాలను సర్ది, వాటిలోని అక్షరాలను గుర్తించి, వెతుక్కునే వీలు కల్పించే డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఇది. రాసింది సీ++‌లో. తెరల కోసం క్యూటీ 6.5, అక్షరాల గుర్తింపునకు టెస్సరాక్ట్, దాని కింద బొమ్మల పనికి లెప్టోనికా, నిల్వకు ఎస్‌క్యూలైట్ వాడుతున్నాను. బిల్డ్ చేసిన యంత్రంలో అంతా సవ్యంగా నడుస్తుంది. వేరే యంత్రంలో పెడితే తెరుచుకోదు, లేదా తెరుచుకుని ఏదో ఒక పని మధ్యలో ఆగిపోతుంది. రెండో రకం లోపమే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది మన పరీక్షల్లో దొరకదు, వాడేవాళ్ల చేతుల్లో బయటపడుతుంది.

అందుకే కావలసిన లైబ్రరీలను (ప్రోగ్రాం వాడుకునే సిద్ధ కోడు ఫైళ్లు) ప్రోగ్రాంతోపాటే ఒక ప్యాకేజీలో కట్టి పంపడానికి చేసిన పని ఇది. ఇలాంటి ప్రోగ్రాం ఉన్నవాళ్లు ఇవే అడుగులు వేయవచ్చు, లేదా ఇవే గుంతలను తప్పించుకోవచ్చు. లినక్స్ భాగం పొడుగ్గా ఉంటుంది, విండోస్ భాగం చిన్నది.

దశ 1: లెక్క తీయడం

ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను చూడటానికి అందరూ మొదట వాడే లినక్స్ కమాండ్ ఎల్‌డీడీ. అది 88 పేర్లు చూపింది. మనం అడిగినవి, అవి అడిగినవి, ఆ కింది పొరలు అడిగినవి అన్నీ కలిసిపోయిన జాబితా అది. పైగా అందులో కనిపించే దారులు ఈ యంత్రంలో, ఈ క్షణంలో దొరికినవి మాత్రమే. ఎవరు ఎవరిని అడిగారో దాన్నుంచి తెలియదు. ఇంకో సంగతి: ఎక్కడి నుంచో వచ్చిన, నమ్మకం లేని ఫైలు మీద ఎల్‌డీడీని నడపకూడదు. కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలునే నడిపించవచ్చని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది.

చేసిన పని:

1. రీడ్‌ఎల్ఫ్‌తో ప్రోగ్రాం ఫైలులోని డైనమిక్ విభాగం (బయటి లైబ్రరీల వివరాలుండే చోటు) తెరిచి, 'నీడెడ్' అని ఉన్న వరుసలు మాత్రం రాసుకున్నాను.
2. ఆ పేర్లలో ప్రతి లైబ్రరీ మీదా అదే పని మళ్లీ చేశాను, కొత్త పేర్లు రావడం ఆగేవరకు.
3. ఎవరు ఎవరిని అడిగారో బాణం గుర్తులతో పటం గీశాను.

నేరుగా అడిగినవి 12 తేలాయి. క్యూటీవి 5, టెస్సరాక్ట్, లెప్టోనికా, ఎస్‌క్యూలైట్, మిగిలిన 4 సీ, సీ++ రన్‌టైం లైబ్రరీలు (ఆ భాషల్లో రాసిన ప్రోగ్రాం నడవడానికి కావలసిన ప్రాథమిక కోడు). లిబ్‌టిఫ్, లిబ్‌వెబ్‌పీ, లిబ్‌పీఎన్‌జీ లాంటి బొమ్మల లైబ్రరీలు మన కోడులో ఎక్కడా లేవు. వాటిని అడిగింది లెప్టోనికా. తర్వాతి చిక్కుల్లో చాలా భాగం ఇలా పిలవకుండా వచ్చిన లైబ్రరీల దగ్గరే పుట్టాయి, కాబట్టి ఈ పటం గీయడానికి పట్టిన సమయం పూర్తిగా గిట్టుబాటైంది.

ఇప్పటికి మొత్తం: నేరుగా 12, పరోక్షంగా 76, ప్యాకేజీలో చేర్చినవి 0.

దశ 2: జీలిబ్‌సీ 2.34 అడుగుతోంది

డెవలప్‌మెంట్ ప్యాకేజీలేవీ లేని డెబియన్ 11‌లో (ఒక లినక్స్ పంపిణీ) ప్రోగ్రాం ఫైలును పెట్టి నడిపితే, లినక్స్ ప్రధాన సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.34 వెర్షన్ దొరకలేదని చెప్పి ఆగిపోయింది. అక్కడున్నది 2.31.

మన కోడులో ఏదో కొత్త ఫంక్షన్ వాడి ఉంటామని, దాన్ని తీసేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కారణం అది కాదు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34‌లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన సీ లైబ్రరీలో కలిపేశారు. ఆ మార్పుతోపాటు, మెయిన్ ఫంక్షన్‌ను మొదలుపెట్టే అంతర్గత ఫంక్షన్‌కు కూడా కొత్త సింబల్ వెర్షన్ (ఫంక్షన్ పేరుకు తగిలించే వెర్షన్ అంకె) వచ్చింది. అంటే 2.34 గానీ ఆ పైది గానీ ఉన్న యంత్రంలో ఏమీ చేయని ఖాళీ ప్రోగ్రాంను లింక్ చేసినా అది 2.34‌నే అడుగుతుంది. కోడు మార్చినంత మాత్రాన ఇది పోదు.

మూడు దారులు చూశాను. జీలిబ్‌సీని స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రాం ఫైలులోనే, కలపడం మొదటిది. కానీ జీలిబ్‌సీలో యంత్రాల పేర్లను చిరునామాలుగా మార్చే భాగం నడిచేటప్పుడు బయటి మాడ్యూళ్లను లోడ్ చేస్తుంది. అవి అదే వెర్షన్ జీలిబ్‌సీకి చెందినవై ఉండాలి. నెట్‌వర్క్ వాడే ప్రోగ్రాంకు ఇది పనికిరాదు. ఒక్కో సింబల్‌కు పాత వెర్షన్‌ను అంటగట్టడం రెండోది. మన కోడు వరకు చేయగలం గానీ, వెంట వచ్చే ప్రతి లైబ్రరీకీ చేయాలి. మూడోది పాత యంత్రంలో బిల్డ్ చేయడం. జీలిబ్‌సీ పాత సింబల్ వెర్షన్లను తీసేయదు కాబట్టి, పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది. మూడోదే తీసుకున్నాను.

1. డెబియన్ 11 కంటైనర్ (యంత్రంలోనే విడిగా నడిచే లినక్స్ పరిసరం): జీలిబ్‌సీ 2.31, కంపైలర్ జీసీసీ 10.
2. క్యూటీ 6.5‌ను ఆ కంటైనర్‌లోనే సోర్సు నుంచి బిల్డ్ చేయాలి. బయట దొరికే బైనరీ వాడితే అది అడిగే జీలిబ్‌సీ వెర్షన్ మన నెత్తిన పడుతుంది.
3. ఆబ్జ్‌డంప్‌తో ప్రతి ఫైలు సింబల్ పట్టికను చూసి, అందులోని అత్యధిక జీలిబ్‌సీ వెర్షన్‌ను రాసుకోవాలి.

మార్పుకు ముందు అత్యధికం 2.34. తర్వాత 2.29. ఆ 2.29 కూడా పవ్, లాగ్ లాంటి గణిత ఫంక్షన్ల వల్ల వచ్చింది. మన హద్దు 2.31 కాబట్టి వాటిని ముట్టుకోలేదు.

దశ 3: ఫోల్డర్‌లోనే ఉంది, కానీ దొరకడం లేదు

ఈసారి డెబియన్ 12. లైబ్రరీలను ప్రోగ్రాం పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, ప్రోగ్రాం ఫైలు రన్‌పాత్‌లో (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో ఫైలులోనే రాసుకునే చోటు) 'ఆరిజిన్' గుర్తుతో ఆ ఫోల్డర్ దారి రాశాను. ఆ గుర్తు ఉంటే, ఫైలు ఎక్కడుందో అక్కడి నుంచి దారి లెక్కవుతుంది. టెస్సరాక్ట్, లెప్టోనికా రెండూ దొరికాయి. ఆ వెంటనే లిబ్‌టిఫ్ 5 లేదని ఆగిపోయింది. లిబ్‌టిఫ్ 5 ఆ ఫోల్డర్‌లోనే, లెప్టోనికా పక్కనే ఉంది.

ఎల్‌డీ డీబగ్ వేరియబుల్‌కు 'లిబ్స్' అని విలువ ఇచ్చి నడిపితే లోడర్ (లైబ్రరీలను వెతికి మెమరీలోకి తెచ్చే భాగం) ఏ ఫోల్డర్లు వెతికిందో వరుసగా చూపిస్తుంది. లిబ్‌టిఫ్ కోసం మన ఫోల్డర్ వైపు అసలు చూడనే లేదు. నేరుగా సిస్టమ్ ఫోల్డర్లకు వెళ్లింది. అక్కడ లిబ్‌టిఫ్ 6 మాత్రమే ఉంది.

ఎందుకంటే రన్‌పాత్ దాన్ని రాసుకున్న ఫైలు నేరుగా అడిగినవాటికే వర్తిస్తుంది. లిబ్‌టిఫ్‌ను అడిగింది లెప్టోనికా, దానికి సొంత రన్‌పాత్ లేదు. పాతకాలపు ఆర్‌పాత్ అలా కాదు, కింది పొరలకూ వర్తించేది. ఇప్పుడు చాలా పంపిణీల్లో లింకర్ (ముక్కలను కలిపి ప్రోగ్రాం ఫైలు తయారుచేసే టూల్) మామూలుగా రాసేది రన్‌పాతే. పాత ట్యుటోరియళ్లు చూసి చేసినవాళ్లకు ఇక్కడే తేడా వస్తుంది.

ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌ను ఒక స్క్రిప్టులో పెట్టి ప్రోగ్రాంను నడపమని చాలామంది సలహా ఇస్తారు. నేను దాన్ని వాడదలచుకోలేదు. ఆ వేరియబుల్ మన ప్రోగ్రాం పుట్టించే ప్రతి ప్రాసెస్‌కూ వారసత్వంగా వెళ్తుంది. మన ప్రోగ్రాంలో ఒక లింకు నొక్కితే సిస్టమ్ బ్రౌజర్ తెరుచుకుంటుంది, అది మన పాత లైబ్రరీలను లోడ్ చేసుకుని కూలిపోతుంది. వేరేవాళ్ల ప్రోగ్రాంను పడగొట్టే పద్ధతి మన ప్రోగ్రాంను నడిపినా అంగీకరించలేను.

1. ఫోల్డర్‌లోని ప్రతి లైబ్రరీకీ ప్యాచ్‌ఎల్ఫ్‌తో 'ఆరిజిన్' రన్‌పాత్ పెట్టాలి.
2. బిల్డ్ టూల్ అయిన సీమేక్‌లో ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ అనే అమరికలో ప్రోగ్రాంకు కూడా అదే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీమేక్ బిల్డ్ దారులను చెరిపేసి, ఆ చోటు ఖాళీగా వదులుతుంది.
3. షెల్‌లో ఇచ్చేటప్పుడు 'ఆరిజిన్' ముందున్న డాలర్ గుర్తును ఒంటి కొటేషన్లలో ఉంచాలి. లేకపోతే షెల్ దాన్ని తన వేరియబుల్ అనుకుని ఖాళీగా మార్చేస్తుంది.

ఇప్పటికి మొత్తం: ప్యాకేజీలో లైబ్రరీలు 31, పరిమాణం 126 ఎంబీ.

దశ 4: పట్టికలో కనిపించని లైబ్రరీలు

ఇప్పుడు ప్రోగ్రాం లోడర్‌ను దాటింది. క్యూటీ ప్లాట్‌ఫాం ప్లగిన్ (క్యూటీని తెరతో కలిపే అదనపు లైబ్రరీ) ఏదీ మొదలుపెట్టలేకపోయామన్న సందేశం వచ్చింది. ప్లగిన్లను ప్రోగ్రాం నడిచేటప్పుడు పేరుతో వెతికి లోడ్ చేస్తారు. ఏ 'నీడెడ్' వరుసలోనూ అవి ఉండవు. కాబట్టి దశ 1‌లో గీసిన పటం అసంపూర్ణం.

క్యూటీ డీబగ్ ప్లగిన్స్ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడిపితే ఏ ప్లగిన్ ఎందుకు విఫలమైందో చెబుతుంది. లినక్స్ ఎక్స్11 తెరల కోసం ఉండే ఎక్స్‌సీబీ ప్లగిన్ ఫైలు ఉంది గానీ, అది అడిగే ఎక్స్‌సీబీ కర్సర్ లైబ్రరీ ఖాళీ యంత్రంలో లేదు. క్యూటీ 6.5 నుంచి ఆ లైబ్రరీ తప్పనిసరైంది. దాన్ని చేర్చగానే తెర వచ్చింది.

సర్వర్‌తో సమకాలీకరణ మాత్రం కదలలేదు. ప్రోగ్రాం కూలిపోదు, పెద్ద సందేశమూ రాదు. భద్ర అనుసంధానం కుదరదు, అంతే. భద్ర అనుసంధానాల లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను క్యూటీ మామూలుగా లింక్ చేసుకోదు, అవసరమైనప్పుడు పేరుతో వెతుకుతుంది. డెబియన్ 11 కంటైనర్‌లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1. దాని హెడర్లతో (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైళ్లు) బిల్డ్ అయిన క్యూటీ 1.1‌నే వెతుకుతోంది. డెబియన్ 12‌లో 3 మాత్రమే ఉంది. జీలిబ్‌సీ కోసం పాత యంత్రానికి వెళ్లినందువల్ల వచ్చిన చిక్కు ఇది. పాత పంపిణీ నుంచి పాత సీ లైబ్రరీని మాత్రమే తీసుకోవాలి, మిగిలినవన్నీ పాతవి తీసుకోకూడదని దీనితో తేలింది.

1.1.1‌నే ప్యాకేజీలో పెట్టేస్తే పని జరిగిపోతుంది. కానీ దాని మద్దతు 2023 సెప్టెంబర్ 11‌తో ముగిసింది. మద్దతు ఆగిపోయిన భద్రతా లైబ్రరీని కొత్తగా ఎవరి యంత్రంలోకీ పంపకూడదు.

1. కంటైనర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0‌ను సోర్సు నుంచి బిల్డ్ చేశాను.
2. దాని హెడర్లతో క్యూటీని మళ్లీ బిల్డ్ చేశాను.
3. ప్లాట్‌ఫాం, బొమ్మల రకాలు, డేటాబేస్, టీఎల్‌ఎస్ (భద్ర అనుసంధానం) ప్లగిన్ల ఫోల్డర్లను కాపీ చేసి, ప్రతి ప్లగిన్ మీదా దశ 1, దశ 3 పనులు మళ్లీ చేశాను. ప్లగిన్లు ఒక ఫోల్డర్ లోపల ఉంటాయి కాబట్టి వాటి రన్‌పాత్‌లో దారి వేరు.
4. టెస్సరాక్ట్‌కు కావలసిన భాషా డేటా ఫైళ్లనూ ఈ జాబితాలోనే రాసుకున్నాను. అవి లైబ్రరీలు కావు, కానీ లేకపోతే ఫలితం ఒకటే.

ఇప్పటికి మొత్తం: లైబ్రరీలు 37, ప్లగిన్లు 8, పరిమాణం 149 ఎంబీ.

దశ 5: ఎక్కువ చేర్చినా చెడుతుంది

ఇన్ని తిప్పలెందుకు, ఎల్‌డీడీ చూపినవన్నీ కాపీ చేస్తే పోదా అని అడిగేవాళ్లకోసం దాన్నీ కొలిచి చూశాను. ప్లగిన్లు అడిగినవి కూడా కలుపుకుంటే 97 లైబ్రరీలు, 231 ఎంబీ. డెబియన్ 11‌లో నడిచింది. డెబియన్ 12‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదని హెచ్చరిక, ఆపై ఖాళీ కిటికీ.

మీసా గ్రాఫిక్స్ డ్రైవర్ సిస్టమ్ నుంచి వస్తుంది, అది హార్డ్‌వేర్‌కు తగ్గట్టు ఉండాలి కాబట్టి మనం మార్చలేం. అది కొత్త సీ++ రన్‌టైంతో బిల్డ్ అయింది. మన ప్యాకేజీలోని సీ++ రన్‌టైం జీసీసీ 10‌ది, దానిలోని అత్యధిక సింబల్ వెర్షన్ 3.4.28. డెబియన్ 12‌లోనిది జీసీసీ 12‌ది, అక్కడ 3.4.30. రెండింటి సోనేమ్ (లోడర్ లైబ్రరీని గుర్తుపట్టే పేరు) ఒకటే. మనది ముందే మెమరీలో ఉంది గనుక డ్రైవర్‌కూ లోడర్ దాన్నే చూపించింది. కావలసిన సింబల్ అందులో లేక డ్రైవర్ తిరగబడింది.

దీంతో మూడు గుంపుల నియమం పెట్టుకున్నాను.

ఎప్పుడూ చేర్చకూడనివి: జీలిబ్‌సీ కుటుంబం, సీ++ రన్‌టైం, గ్రాఫిక్స్ లైబ్రరీలు, ఎక్స్11 మూల లైబ్రరీ, ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్. ప్రోగ్రాంను ఒకే ఫైలుగా కట్టే యాప్‌ఇమేజ్ పద్ధతి సముదాయం నిర్వహించే మినహాయింపు జాబితా దీనికి మంచి ఆరంభం.

ఎప్పుడూ చేర్చవలసినవి: క్యూటీ, టెస్సరాక్ట్, లెప్టోనికా, సోనేమ్ తరచూ మారే బొమ్మల లైబ్రరీలు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.

విడివిడిగా తేల్చవలసినవి: మిగిలినవన్నీ. ఐసీయూ (యూనికోడ్, భాషా నియమాల లైబ్రరీ) వీటిలో పెద్దది, దాని డేటా లైబ్రరీ ఒక్కటే సుమారు 30 ఎంబీ. క్యూటీని ఐసీయూ లేకుండానూ బిల్డ్ చేయవచ్చు. కానీ అప్పుడు భాషకు తగ్గ అక్షరక్రమంలో పేర్లను అమర్చే పని సిస్టమ్ లొకేల్ (భాష, ప్రాంతం) అమరిక మీద ఆధారపడిపోతుంది. కాగితాల పట్టికలో పేర్లు సరైన వరుసలో రావడం ఈ ప్రోగ్రాంకు ప్రాణం. 30 ఎంబీ ఉంచాను.

పరిమాణం తగ్గించినవి రెండే. ప్రతి లైబ్రరీనీ స్ట్రిప్ చేయడం (నడవడానికి అక్కరలేని డీబగ్ సమాచారం తీసేయడం) ఒకటి. సింబాలిక్ లింకులను (వేరే ఫైలును చూపే పేర్లు) లింకులుగానే కాపీ చేయడం రెండోది. లేకపోతే వెర్షన్ అంకెలు వేరైన పేర్లతో ఒకే లైబ్రరీ మూడుసార్లు పడుతుంది.

ఇప్పటికి మొత్తం: లైబ్రరీలు 34, ప్లగిన్లు 8, పరిమాణం 84 ఎంబీ.

దశ 6: విండోస్

విండోస్‌లో ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌నే ముందు వెతుకుతారు కాబట్టి రన్‌పాత్ గొడవ లేదు. ఎర్రర్ కోడ్ సి0000135 వస్తే ఏదో డీఎల్‌ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) దొరకలేదని అర్థం. సి000007బి వస్తే దాదాపు ఎప్పుడూ 64 బిట్ ప్రోగ్రాంకు 32 బిట్ డీఎల్‌ఎల్ తగిలిందని అర్థం. ఒక డీఎల్‌ఎల్‌ను మనం చేర్చకపోతే, పాత్ వేరియబుల్‌లో ఉన్న వేరే ప్రోగ్రాం ఫోల్డర్ నుంచి అదే పేరున్నది వచ్చి కూర్చుంటుంది. విన్‌డిప్లాయ్‌క్యూటీ అనే టూల్ క్యూటీ భాగాలను సేకరిస్తుంది గానీ టెస్సరాక్ట్ గొలుసును (టెస్సరాక్ట్, అది అడిగే లైబ్రరీలు) వదిలేస్తుంది. డంప్‌బిన్‌తో ఆ గొలుసును తీసి చేర్చాను.

ఆగి చూడవలసిన లోపం ఒక్కటే. అక్షరాల గుర్తింపు పూర్తయి, పాఠం తెర మీదికి వచ్చి, సరిగ్గా ఆ తర్వాత ప్రోగ్రాం కూలిపోయింది. టెస్సరాక్ట్ గుర్తించిన పాఠాన్ని తాను కేటాయించిన మెమరీలో ఇస్తుంది, దాన్ని విడుదల చేయవలసింది పిలిచినవాళ్లు. టెస్సరాక్ట్ డీఎల్‌ఎల్ సీ రన్‌టైంను తనలోనే స్టాటిక్‌గా కలుపుకుని ఉంది, మన ప్రోగ్రాం డైనమిక్ రన్‌టైం వాడుతోంది. రెండింటి హీప్‌లు (మెమరీ కేటాయించే నిల్వలు) వేరు. ఒక హీప్ ఇచ్చినదాన్ని ఇంకొకటి విడుదల చేయబోతే కూలిపోవడమే.

1. వీసీపీకేజీ (లైబ్రరీలను తెచ్చి బిల్డ్ చేసే టూల్) మానిఫెస్ట్‌తో, అంటే కావలసిన లైబ్రరీల జాబితాతో, టెస్సరాక్ట్ గొలుసు మొత్తాన్ని ఒకే ట్రిప్లెట్‌లో (బిల్డ్ అమరిక), డైనమిక్ రన్‌టైంతో బిల్డ్ చేశాను.
2. మానిఫెస్ట్‌లో బేస్‌లైన్ కమిట్‌ను (వెర్షన్లను స్థిరపరిచే గుర్తు) రాసిపెట్టాను. లేకపోతే కొత్త యంత్రంలో వెర్షన్లు మారిపోతాయి.
3. పాఠం విడుదలకు టెస్సరాక్ట్ సీ ఇంటర్‌ఫేస్‌ను వాడి, అదే ఇచ్చే విడుదల ఫంక్షన్‌ను పిలుస్తున్నాను. కేటాయించిన డీఎల్‌ఎల్లే విడుదల చేస్తుంది.

దశ 7: ఒకే లైబ్రరీ, రెండు కాపీలు

అన్నిటికంటే లోతైన లోపం ఇది. లినక్స్‌లో అరుదుగా డేటాబేస్ ఫైలు పాడైందని ఎస్‌క్యూలైట్ చెప్పేది. మళ్లీ చేయబోతే రాదు.

పట్టికలను క్యూటీ డేటాబేస్ ప్లగిన్ ద్వారా తెరుస్తున్నాను, పూర్తి పాఠ వెతుకులాటను నేరుగా ఎస్‌క్యూలైట్ లైబ్రరీ ద్వారా. ఫైలు ఒకటే. రెండు దారుల్లోనూ ఎస్‌క్యూలైట్ వెర్షన్‌ను అడిగే క్వెరీని నడిపాను. ఒకటి 3.34.1 అంది, రెండోది ఇంకా కొత్త అంకె చెప్పింది. క్యూటీ తన ప్లగిన్ లోపలే ఒక ఎస్‌క్యూలైట్‌ను కలుపుకుని ఉంది.

దీనివల్ల ఫైలు ఎందుకు పాడవుతుందంటే, పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఫైలు తాళాలు ప్రాసెస్‌కు చెందుతాయి, తెరిచిన హ్యాండిల్‌కు కాదు. ఒక ప్రాసెస్ ఆ ఫైలు మీదున్న ఏ హ్యాండిల్‌ను మూసినా, ఆ ఫైలు మీద ఆ ప్రాసెస్‌కున్న తాళాలన్నీ ఊడిపోతాయి. ఎస్‌క్యూలైట్‌కు ఈ సంగతి తెలుసు, తాను తెరిచినవాటి జాబితా పెట్టుకుని జాగ్రత్తగా మూస్తుంది. కానీ రెండు కాపీలుంటే రెండు జాబితాలు. ఒకటి మూసిన క్షణంలో రెండోదాని తాళం దానికి తెలియకుండానే పోతుంది. ఒక ప్రాసెస్‌లో రెండు కాపీలు ఉండకూడదని ఎస్‌క్యూలైట్ పత్రాలే స్పష్టంగా చెబుతాయి.

లిబ్‌వెబ్‌పీకీ ఇలాంటి కథే. 2023 సెప్టెంబర్‌లో బయటపడిన సీవీఈ-2023-4863 అనే గుర్తింపు అంకె ఉన్న భద్రతా లోపం దానిది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక బొమ్మతో మెమరీ హద్దు దాటించవచ్చు. 1.3.2‌లో సరిచేశారు. లెప్టోనికా అడిగే లిబ్‌వెబ్‌పీని 1.3.2‌కు మార్చితే చాలదు. క్యూటీ వెబ్‌పీ ప్లగిన్ 'నీడెడ్' వరుసల్లో లిబ్‌వెబ్‌పీ పేరే లేదు, అంటే దాని కాపీ దాని లోపల ఉంది. బయటి ఫైలు మార్చి లోపం పోయిందనుకుంటే, అసలు తలుపు తెరిచే ఉంటుంది.

1. క్యూటీని సిస్టమ్ ఎస్‌క్యూలైట్, సిస్టమ్ వెబ్‌పీ ఆప్షన్లతో మళ్లీ బిల్డ్ చేశాను. ఇక్కడ సిస్టమ్ అంటే కంటైనర్‌లో నేను సోర్సు నుంచి కట్టుకున్న కాపీలు.
2. బిల్డ్ అయ్యాక ప్లగిన్ల 'నీడెడ్' వరుసల్లో ఆ పేర్లు కనిపిస్తున్నాయో చూశాను. ఆప్షన్ ఇవ్వడం రుజువు కాదు, ఈ వరుసే రుజువు.
3. వెర్షన్ క్వెరీని రెండు దారుల్లో మళ్లీ నడిపాను. ఒకే అంకె.

వెబ్‌పీ విడదీసే అనుబంధ లైబ్రరీ ఒకటి కొత్తగా చేరింది.

ఇప్పటికి మొత్తం: లైబ్రరీలు 35, ప్లగిన్లు 8, పరిమాణం 83 ఎంబీ.

దశ 8: ఖాతా పుస్తకం, కాపలా

చేర్చిన ప్రతి లైబ్రరీకీ ఒక వరుస ఉన్న పట్టిక సోర్సుతోపాటే ఉంచాను: పేరు, వెర్షన్, సోర్సు ఫైలు షా-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె), ఎవరు అడిగారు, ఎందుకు చేర్చాం, లైసెన్సు, భద్రతా ప్రకటనలు ఎక్కడ వస్తాయి. సిస్టమ్‌కు వదిలేసిన లైబ్రరీని పంపిణీ నిర్వాహకులు సరిచేస్తారు. ప్యాకేజీలో పెట్టినదాన్ని మనం తప్ప ఎవరూ సరిచేయరు. అందుకే 35 అనేది తగ్గించుకోవలసిన అంకె.

హ్యాష్ గురించి ఒక మాట. 2024 మార్చిలో కుదింపు లైబ్రరీ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1‌లలో దొంగదారి బయటపడింది. విడుదల చేసిన ఫైళ్లలో, మూల రిపాజిటరీలో లేని స్క్రిప్టు ఉంది. అప్పుడు ఆ ఫైలు హ్యాష్‌ను రాసుకున్నా అది సరిగ్గానే సరిపోయేది. నిన్న తీసుకున్న ఫైలే ఇవాళా వచ్చిందని మాత్రమే హ్యాష్ చెప్పగలదు. లిబ్‌టిఫ్ ద్వారా ఆ లైబ్రరీ మన గొలుసులోనూ ఉంది కాబట్టి, కొత్త వెర్షన్ తీసుకునే ముందు విడుదల ఫైలుకూ రిపాజిటరీకీ తేడా చూసే అడుగు చేర్చాను.

బిల్డ్ చివర నడిచే తనిఖీ, ఏ ఒక్కటి తప్పినా బిల్డ్ ఆగిపోతుంది:

1. ప్రతి 'నీడెడ్' పేరూ ప్యాకేజీలో గానీ, చేర్చకూడని జాబితాలో గానీ ఉండాలి.
2. జీలిబ్‌సీ వెర్షన్ 2.31‌ను, సీ++ రన్‌టైం వెర్షన్ 3.4.28‌ను దాటకూడదు.
3. ఏ రన్‌పాత్‌లోనూ బిల్డ్ యంత్రం పూర్తి దారి ఉండకూడదు.
4. ఖాళీ కంటైనర్‌లో ప్రోగ్రాం నాలుగు పనులు చేయాలి: టిఫ్ తెరవడం, వెబ్‌పీ తెరవడం, భద్ర అనుసంధానం, ఒక బొమ్మలో పాఠం గుర్తించడం.

నాలుగో తనిఖీకి, తెర లేకుండా నడిపే క్యూటీ ఆఫ్‌స్క్రీన్ ప్లగిన్ వాడితే సులువు గానీ, అప్పుడు ఎక్స్‌సీబీ ప్లగిన్ పరీక్షకు రాదు. దశ 4‌లో విఫలమైంది అదే కాబట్టి, ఎక్స్‌వీఎఫ్‌బీతో బూటకపు తెర పెట్టి నడుపుతున్నాను.

మిగిలింది మ్యాక్. అక్కడ లైబ్రరీ దారులను ఇన్‌స్టాల్ నేమ్ టూల్ మారుస్తుంది, ఆ మార్పుతో ఫైలు సంతకం చెల్లకుండా పోతుంది. యాపిల్ సొంత చిప్పులున్న యంత్రాల్లో సంతకం లేని కోడు అసలు నడవదు. కాబట్టి అక్కడి వరుస ఇలా పెడుతున్నాను: ముందు దారులు, తర్వాత స్ట్రిప్, ఆపై లోపలి లైబ్రరీలకు సంతకం, ఆఖరున ప్రోగ్రాంకు సంతకం.